కళ్ళు మూసుకుని కొన్న రౌటరు

పిఠాపురంలో బుద్ధిరాజు కామేశం గారి కుటుంబం ఉంది. ఇంటిపేరులోనే బుద్ధి ఉంది కదా, మళ్ళీ ఇంట్లో విడిగా ఎందుకని పెట్టుకోలేదు. "మన ముగ్గురి తెలివీ కలిపితే ఊరందరికీ పంచినా మిగుల్తుంది" అనేవాడు కామేశం. భార్య శేషారత్నం, కూతురు హైమవతి అవునవునని తలలూపేవారు.

చదువైపోయి ఊరికే కూచున్న హైమకి ఎన్నాళ్ళకో ఇంటర్వ్యూ వచ్చింది. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూచునే మాట్లాడాలిట. "నెట్ మధ్యలో పోయిందంటే ఉద్యోగం కూడా పోయినట్టే, నమ్మకమైన రౌటరు పెట్టుకోండి" అన్నారు కంపెనీవాళ్ళు. కామేశానికి బెంగతో అన్నం సహించలేదు.

అంతే, ముగ్గురూ బజారుకి బయల్దేరారు. కొట్టాయన నాలుగు యాంటెనాలున్న రౌటరు తీసి చూపించాడు.

"అమ్మో, కొమ్ములున్నాయండీ! పొడుస్తుందేమో!" అంది శేషారత్నం.

"పొడవదమ్మా. భేషైన సరుకు. కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి" అన్నాడాయన.

ఇంకేముంది! ముగ్గురూ అక్కడికక్కడే కళ్ళు మూసుకున్నారు. కామేశం రౌటరు పట్టుకున్నాడు, శేషారత్నం కామేశాన్ని పట్టుకుంది, హైమ అమ్మ కొంగు పట్టుకుంది. అరటిపళ్ళ బండిని గుద్దారు, దాని పక్కనున్న ఆవుని గుద్దారు, ఆఖరికి మురుక్కాలవలో పడ్డారు. కామేశం చెయ్యి పైకెత్తి ఉంచాడేమో, రౌటరు తడవలేదు.

"చూశావుటే! మనం పడ్డా అది పడలేదు. ఎంత నమ్మకమైనదో!" అని మురిసిపోయాడు.

అయినా కొత్తగా ఇంట్లోకొచ్చింది, పరీక్షించొద్దూ? పళ్ళెం నిండా సున్నుండలు పెట్టి, పక్కనే రౌటర్ని కూచోబెట్టి, సినిమాకి పోయారు. తిరిగొచ్చి చూస్తే ఒక్కటీ తగ్గలేదు.

"మా తమ్ముడికన్నా నయమండీ" అంది శేషారత్నం కళ్ళొత్తుకుంటూ.

మర్నాడు కనెక్షన్ ఇచ్చే అతను వచ్చి రౌటరు బిగించాడు. "గోడ అడ్డం లేకుండా చూసుకోండి, సిగ్నల్ బాగుంటుంది" అని చెప్పి వెళ్ళాడు. పెద్దల మాట, పనివాళ్ళ మాట జవదాటే వంశమా అది? గడ్డపార తెచ్చి హాలుకీ గదికీ మధ్య గోడ పడగొట్టేశారు. గోడతోపాటు సగం పెంకులూ కిందికొచ్చాయి.

"మంచిదే, సిగ్నల్ పైనుంచి కూడా వస్తుంది" అన్నాడు కామేశం.

ఇంటర్వ్యూ రోజు హైమ పట్టుచీర కట్టుకుని ఆ మట్టిగడ్డల మధ్య కూచుంది. తెర మీద ఆఫీసరు కనిపించాడు. అడిగినవాటికి పిల్ల టకటకా జవాబులు చెబుతోంది. కామేశం ఛాతీ ఉప్పొంగింది. ఇంతలో ఆఫీసరు, "అమ్మా, మాట తెగుతోంది. ఒక్కసారి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రండి" అన్నాడు.

"విన్నావుటే? లే, లే!" అన్నాడు కామేశం.

ముగ్గురూ వీధిలోకి పరిగెత్తారు. బయటికొచ్చాక తాళం వెయ్యకపోతే తెలివితక్కువతనం కాదూ? వేశాడు. మళ్ళీ లోపలికెళ్దామని తాళంచెవి తీశాడో లేదో, ఇంట్లోంచి మగగొంతు!

"హైమవతి గారూ! హైమవతి గారూ! ఉన్నారా?"

కామేశం బిక్కచచ్చిపోయాడు. "ఎవడో దూరాడే ఇంట్లో!"

"నా పేరు కూడా తెలుసు నాన్నా!"

"తెలిసిన దొంగే అన్నమాట!"

అంతే, రెండో తాళం కూడా బిగించి, "దొంగ! దొంగ!" అని వీధంతా పోగేశాడు. లోపల్నించి గొంతు ఇంకా బతిమాలుతూనే ఉంది. "రండమ్మా, ఉద్యోగం మీకే ఇద్దామనుకుంటున్నాం!"

కామేశం కూతురి భుజం గట్టిగా పట్టుకున్నాడు. "తలుపు తీయించుకోడానికి ఎంత ఆశ పెడుతున్నాడో చూడు. పడతామా మనం?"