పద్నాలుగో పిల్లర్

కాంక్రీటు చుట్టూ బిగించిన షట్టరింగ్ రేకులు విప్పగానే వీరేశం ముఖం మాడిపోయింది. పద్నాలుగో పిల్లర్ కింది సగం నున్నగా, గట్టిగా ఉంది. పై సగం అంతా గుల్ల. కంకర తేలి, సందుల్లో వేలు దూరేటంత ఖాళీలు పడ్డాయి. ఒకచోట లోపలి ఇనుము కూడా కనబడుతోంది.

గల్ఫ్ ఎడారి మధ్య నాలుగు రోడ్లు ఒకదాని మీద ఒకటి దాటే చోటు అది. ముప్పై ఆరు పిల్లర్లు లేవాలి. కాగితం మీద ఆ దారులన్నీ చూసి పనివాళ్లు దానికి చిక్కుముడి అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్లుగా కడుతున్నారు. ఎప్పటికి అవుతుందని అడగడం కూడా మానేశారు.

వీరేశంది జగిత్యాల దగ్గర పల్లె. ఫోర్‌మన్ అయి నాలుగు నెలలే అయింది. పని నేర్పింది ఫకృద్దీన్ ఉస్తాద్. రాయచోటి మనిషి, ముప్పై ఒక్క ఏళ్లుగా ఎడారిలో వంతెనలు కడుతున్నాడు. తడి కాంక్రీటుని అదిరించి సర్దే వైబ్రేటర్ మోత మారితే చాలు, లోపల అది సర్దుకుందో లేదో చెప్పేవాడు. తక్కువ మాట్లాడేవాడు. అది వేదాంతమని కొత్తవాళ్లు అనుకునేవారు. నిజానికి అన్నేళ్ల ఎండకి మనిషిలో మిగిలిన ఓపిక అంతే.

గుల్లకి కారణం రాసి ఆఫీసులో ఇవ్వాలి. వీరేశం రాశాడు: వైబ్రేటర్ పట్టిన మనిషి నిర్లక్ష్యం. మనిషి పేరు గంగారాం.

ఆ కాగితం అందితే గంగారాంని ఇంటికి పంపేస్తారు. అతనికి యాభై దాటాయి. ఒకసారి పంపేస్తే ఆ వయసులో ఇంకెవరూ పిలవరు. ఆ సంగతి వీరేశానికి తెలుసు. అందుకే ఇచ్చేముందు ఉస్తాద్ దగ్గరికి వెళ్లి చదివి వినిపించాడు. కాంక్రీటు పోస్తున్నంతసేపూ వైబ్రేటర్ గొట్టాన్ని దించుతూ తీస్తూ ఉండాలని, లేకపోతే గాలి లోపలే ఉండిపోతుందని గంగారాంకి తెలియనిది కాదన్నాడు. నిలబడే కునుకు తీశాడని పక్కవాళ్లు చెప్పారన్నాడు.

"నేను రాసింది అబద్ధమా, ఉస్తాద్?"

ఉస్తాద్ మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. నూనె సీసాకి మూత పెట్టాడు.

"ఎల్లుండి పదిహేనోది పోస్తాం కదా. అది అయినాక ఇయ్యి," అన్నాడు.

పదిహేనో పిల్లర్ రోజు తెల్లవారేసరికి కాంక్రీటు లారీలు వచ్చాయి. ఉస్తాద్ వీరేశాన్ని వెంటబెట్టుకుని నిచ్చెన మీద మెల్లగా పైకెక్కి, వైబ్రేటర్ అతని చేతిలో పెట్టాడు. ఫోర్‌మన్ పని ఈ పూటకి తాను చూసుకుంటానన్నాడు. వీరేశానికి వింతగా అనిపించింది, కానీ చొక్కా చేతులు మడిచాడు. ఉస్తాద్, ఒకటి ఆగితే ఉంటుందని రెండో వైబ్రేటర్ పక్కన పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మొదటి అరగంట వీరేశానికి హాయిగానే ఉంది. చేతికి పాత పని గుర్తొచ్చింది. గొట్టం దించాడు, బుడగలు ఆగేదాకా ఉంచాడు, తీశాడు.

ఎండ ఎక్కింది. ఇనుప చువ్వలు కాలుతున్నాయి. తడి కాంక్రీటు నుంచి ఆవిరి ముఖానికి కొడుతోంది. అరచేతుల్లో మొదలైన జలదరింపు మోచేతులు దాటి భుజాల్లోకి పాకింది. తరువాత వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం మానేసింది.

మార్చుకునే మనిషి కోసం కిందికి చూశాడు. ప్రతి పిల్లర్‌కీ ఇద్దరు ఉంటారు, ఒకరు అలిసిపోతే ఇంకొకరు ఎక్కుతారు. కింద ఎవరూ లేరు.

"మార్చేటోడు ఏడీ?" అన్నాడు.

"పదహారోదానికి ఇనుము కట్టమని పంపించినా. తొందరగా అవతాదని."

వీరేశం మళ్లీ అడగలేదు. పద్నాలుగో పిల్లర్ రోజు తాను చేసిందీ అదే. ఇసుక గాలికి లారీలు ఆలస్యమయ్యాయి. మొదలుపెట్టిన పోత మధ్యలో ఆపడానికి లేదు. ఆఫీసు ఇచ్చిన తారీకు దాటిపోతోందన్న కంగారులో గంగారాంకి తోడుగా ఉన్నవాణ్ణి పక్క పిల్లర్‌కి తోలాడు. ఆ తరువాత ఆ సంగతే మరిచిపోయాడు.

దించాడు, తీశాడు. దించాడు. మోత దూరంగా, ఎక్కడో వేరే ఊళ్లో వినిపిస్తున్నట్టు ఉంది. కళ్లు మూసుకోలేదనే అనుకున్నాడు.

చేతి మీద ఎవరో చేయి వేశారు. చూస్తే గొట్టం ఉస్తాద్ పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు అందుకున్నాడో వీరేశానికి తెలియదు. ఉస్తాద్ గొట్టాన్ని మళ్లీ దించి, మోత వింటూ, బుడగలు ఆగేదాకా ఉంచాడు.

వీరేశం చువ్వల పక్కన కూలబడ్డాడు. పిడికిలి ముడుద్దామంటే వేళ్లు మాట వినడం లేదు.

"ఎంతసేపయింది, ఉస్తాద్?"

"గంటన్నర."

ఉస్తాద్ గొట్టం తీసి ఇంకోచోట దించాడు.

"గంగారాం ఐదు గంటలు నిలబడినాడు," అన్నాడు ఉస్తాద్.

మిగతా పోత ఉస్తాద్, పదహారో పిల్లర్ నుంచి పిలిపించిన మనిషి కలిసి పూర్తి చేశారు. తరువాత రేకులు విప్పి చూస్తే పిల్లర్ బాగా వచ్చింది.

పోత పోసిన మధ్యాహ్నమే వీరేశం పాత కాగితం చించేసి ఇంకొకటి రాశాడు. కారణం దగ్గర, మార్చుకునే మనిషిని నేనే తీసేశాను అని రాసి, కింద తన పేరు పెట్టాడు. వేళ్లకి ఇంకా పట్టు రాక అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆఫీసులో మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, ఇలా రాయమని ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాడు వీరేశం. అతణ్ణి ఫోర్‌మన్ పని నుంచి దించి మళ్లీ వైబ్రేటర్ జట్టులో వేశారు.

పద్నాలుగో పిల్లర్ పై సగం ఉలితో కొట్టి తీయడానికి ఆరు రోజులు పట్టింది. వీరేశం, గంగారాం ఎదురెదురుగా కూర్చుని కొట్టారు. మొదటి రోజు గంగారాం ఒక్క మాట మాట్లాడలేదు. రెండో రోజు తన సుత్తి బరువుగా ఉందని, వీరేశం సుత్తి అడిగి తీసుకున్నాడు.

ఆ తరువాతి వారం పదహారో పిల్లర్ పోశారు. పైన వాళ్లిద్దరే ఉన్నారు. అరగంట ఒకరు, అరగంట ఒకరు. గంగారాం కన్ను కాస్త వాలినట్టు అనిపించగానే వీరేశం లేచి గొట్టం అందుకుంటున్నాడు.

ఉస్తాద్ కింద నుంచి కాసేపు అది చూశాడు. చేయి అడ్డం పెట్టుకుని ఎండలోకి తలెత్తి, "నీళ్లు తాగినారా, ఇద్దరూ?" అని అడిగాడు.

తాగామన్నారు.

ఉస్తాద్ తల ఊపి, కుంటుకుంటూ పదిహేడో పిల్లర్ వైపు నడిచాడు.