నాగరత్నం వంగ మడి

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి చివర ఒక కాలేజీ. ఆ కాలేజీ వెనకాల, హాస్టల్‌కీ క్వార్టర్స్‌కీ మధ్య, కొంచెం ఖాళీ జాగా ఉండేది. అందులో పిచ్చిమొక్కలు పెరుగుతున్నాయని ప్రిన్సిపాల్ గారు దాన్ని నాలుగు మళ్ళు చేయించి, కావలసిన వాళ్ళు కూరగాయలు పండించుకోండి అన్నారు. కుళాయి ఒకటే, గొట్టం ఒకటే. ఎవరి మడి వాళ్ళు చూసుకోవాలి. వింటున్నావా? ఊఁ కొట్టు మరి.

ఒక మడి నాగరత్నానిది. ఆవిడ ఆ కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే ల్యాబులో అటెండరు. ఉండేది క్వార్టర్స్‌లో పై అంతస్తు, అక్కడ చారెడు మట్టి కూడా లేదు. ఆవిడ దగ్గరేమో వాళ్ళమ్మ పోయేముందు ఇచ్చిన వంగ విత్తనం ఉంది. తెల్లచారల గుండ్రటి వంకాయ. ఉన్న విత్తనమంతా ఆ మడిలోనే చల్లింది. ఇరవై మొక్కలు మొలిచాయి. రోజూ పొద్దున్నే లేచి వాటి మొహం చూసి గాని డ్యూటీకి వెళ్ళేది కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇబ్బందల్లా పక్క మళ్ళ వాళ్ళతోనే.

ఒకాయన లెక్కల మాస్టారు త్రివిక్రమరావు గారు. మంచివారే. కుళాయి తిప్పి, గొట్టం మడిలో పడేసి, ఏదో లెక్క ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేవారు. అప్పుడు నాగరత్నం అన్నం ముందునుంచి లేచి, మెట్లు దిగి, కుళాయి కట్టేసి వచ్చేది. ఆయన మర్నాడు కనపడి, అయ్యో మర్చిపోయానమ్మా అనేవారు. ఆ మర్నాడు మళ్ళీ మర్చిపోయేవారు.

ఆ తర్వాత హాస్టల్ పిల్లలు, పల్లవీ హసీనా. వాళ్ళు గుమ్మడి పాదు పెట్టారు. పెట్టి పరీక్షలని వదిలేశారు. ఆ తీగ గట్టు దాటి, వంగమొక్కల మెడ చుట్టూ చేతులేసింది. తీగ మళ్ళించండమ్మా అని చెబితే, సరే ఆంటీ అనేవారు. ఎంత ముద్దుగా అనేవారంటే, తిట్టడానికి నోరు వచ్చేది కాదు. ఆవిడే కూర్చుని ఒక్కొక్క నులితీగనీ విడదీసేది.

ఆ తర్వాత ఆఫీసు సూపరింటెండెంటు జోసెఫ్ గారు. ఆయనకి ఎవరి మడిలో కాయ కనబడినా, ముదిరిపోతుందని బెంగ. కోసి తీసుకెళ్ళి, పాడవుతాయని కోశానని చెప్పేవారు. అది నిజమే అని ఆయన గట్టిగా నమ్మేవారు కూడాను.

నాగరత్నానికి విసుగొచ్చి విసుగొచ్చి, ఆ విసుగు కూడా అలవాటైపోయింది.

అప్పుడేమైందంటే, ఆవిడ చెల్లెలికి ఆపరేషన్ అన్నారు. ఎనిమిది రోజులు వెళ్ళి ఉండాలి. మొక్కలు అప్పుడే పూతకొస్తున్నాయి. ఎవరికి అప్పజెప్పను? ఈ ముగ్గురిలో ఒక్కరి మీదా ఆవిడకి నమ్మకం లేదు. బాగా ఆలోచించి, మాస్టారి దగ్గరికి వెళ్ళి, సార్, రోజూ నా మడికి నీళ్ళు పోయండి, మర్చిపోకండి అని చెప్పింది. ఆ తర్వాత పిల్లలకీ అదే చెప్పింది. ఆ తర్వాత జోసెఫ్ గారికీ అదే చెప్పింది. ఒకరికి చెప్పిన సంగతి ఇంకొకరికి తెలియనివ్వలేదు. ముగ్గురిలో ఒక్కరైనా పోయకపోతారా అనుకుని బస్సెక్కింది.

ఎనిమిది రోజులయ్యాక సంచీ కూడా దించకుండా మడి దగ్గరికొచ్చింది. చూస్తే ఏముంది? మడి నిండా బురద. ఆకులు పసుపెక్కి, తలలు వాల్చేసి ఉన్నాయి. ఒక మొక్క పట్టుకుంటే వేరు కుళ్ళి చేతికొచ్చేసింది.

పొద్దున మాస్టారు పోశారు, మధ్యాహ్నం పిల్లలు పోశారు, సాయంత్రం జోసెఫ్ గారు పోశారు. ఒక్కపూట కూడా మానలేదు. పాపం మాస్టారు చేతిమీద రాసుకుని మరీ గుర్తుపెట్టుకున్నారట. ఆవిడ మడి ఎండకూడదన్న ధ్యాసలో సొంత మడికి పోసుకోవడమే మర్చిపోయారట. అది బీటలు వారి ఉంది.

ముగ్గురూ కాదు, పిల్లలు ఇద్దరు కదా, నలుగురూ అక్కడ చేరి నిలబడ్డారు. నాగరత్నానికి అరవాలని ఉంది. ఎవరి మీద అరుస్తుంది?

"ఒక్కరైనా మట్టి ముట్టుకుని చూశారా?" అంది చివరికి.

"మీరు పొయ్యమన్నారు కదమ్మా, పోశాను," అన్నారు మాస్టారు.

అప్పుడు నాగరత్నం గట్టు మీద కూర్చుండిపోయింది. ఒకరిని నమ్మి ఉంటే మొక్కలు బతికేవి. ఎవర్నీ నమ్మక ముగ్గురికీ చెప్పింది తనే. ఇది అమ్మ ఇచ్చిన విత్తనం, ఇంక నా దగ్గర గింజ లేదు అని మెల్లగా చెప్పింది. అంతవరకూ ఆ సంగతి వాళ్ళెవరికీ తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు మరి.

హసీనా చెప్పులు విడిచి బురదలోకి దిగింది. ఆ తర్వాత పల్లవి. జోసెఫ్ గారు ప్యాంటు మడిచి, పార తెచ్చి, నీళ్ళు పోవడానికి కాలవ తీశారు. వేళ్ళు గట్టిగా ఉన్న మొక్కల్ని మట్టిగడ్డతో సహా ఎత్తి, మాస్టారి ఎండిన మడిలో నాటారు. చీకటిపడేదాకా నాటారు. వాటిలో ఏడు బతికాయి. ఏడంటే ఏడే.

మర్నాడు నాలుగు మళ్ళకీ కలిపి వంతులు పెట్టుకున్నారు. ఎవరి రోజున వాళ్ళే అన్ని మళ్ళకీ నీళ్ళు పొయ్యాలి, అదీ మట్టి ముట్టుకుని చూశాకే. మిగతావాళ్ళు కుళాయి జోలికి పోకూడదు. అందరికీ తేలికే గాని, నాగరత్నానికే కష్టమైంది. తన వంతు కాని రోజున కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ఉండటానికి ఆవిడ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం టీ పెట్టుకుని కూర్చుంది. అప్పుడు మాస్టారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ఆ రోజు వంతు ఆయనది. కుళాయి కట్టేశానో లేదో గుర్తురావడం లేదమ్మా అన్నారు.

నాగరత్నం సగం లేచింది. మళ్ళీ కూర్చుంది.

"వెళ్ళి చూడండి సార్," అంది.

ఆయన తల ఊపి, మెట్లు దిగి వెళ్ళారు. ఆవిడ టీ తాగింది. వేడిగా తాగింది.

ఏమిటీ, కుళాయి కట్టేశారా లేదా అంటావా? అది ఆయన చూసుకుంటారులే. నువ్వు కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమిద్దరం చేరాం
వెచ్చని దుప్పటికి.