భీమక్క తెచ్చిన చింతమొద్దు

చల్లకొండ లోయలో పుష్యమాసం వచ్చిందంటే చలి ఎముకలు కొరుకుతుంది. ఆ ఏడు భీమక్క అనే ఎలుగుబంటి నిండు చూలాలు. మగడు తేనెతుట్టె కోసం చెట్టెక్కి, జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. పిల్లలు పుట్టేనాటికి గుహలో పొయ్యి ఆరకుండా మండాలి. గుహ ముందేమో చింతమొద్దులు గుట్టలా పడున్నాయి. గొడ్డలి ఎత్తితే భీమక్కకు నడుము పట్టేస్తోంది.

"ఏడుస్తూ కూర్చుంటే కట్టె చీలదు," అనుకుని, వేసవంతా దాచిన తేనెకుండ చంకన పెట్టుకుని సంతకు బయల్దేరింది.

సంతలో జిత్తయ్య నక్క కట్టెలు చీల్చే యంత్రాలు అమ్ముతున్నాడు.

"రా వదినా! ఇది హైడ్రాలిక్ యంత్రం. లోపల నూనె తోస్తుంది, ఉక్కు పలక దిగుతుంది, దుంగ రెండు ముక్కలు! ఇక గొడ్డలి అటకెక్కించెయ్."

ఎర్రరంగు యంత్రం నిగనిగలాడుతోంది. పొట్ట మీద పెద్ద అక్షరాలతో దాని బలం '35 టన్నులు' అని రాసుంది. జిత్తయ్య ఓ బూరుగు దుంగ పెట్టి మీట నొక్కాడు. అప్పడంలా విరిగింది. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

భీమక్క కొట్టలేదు. "ఎండు బూరుగు నేను గోళ్ళతోనే చీలుస్తా. అది సరే, ఆ రెండో మీటకు తీగ చుట్టావేం?"

"అదా? చేసినవాళ్ళ చాదస్తం! రెండు చేతులతో రెండు మీటలూ నొక్కాలట. ఒకటి కట్టేశాననుకో, ఖాళీ చేత్తో దుంగ పట్టుకోవచ్చు."

"పట్టుకున్న చెయ్యి కూడా రెండు ముక్కలైతే?"

జిత్తయ్య నవ్వేసి ఇంకో దుంగ అందుకున్నాడు. భీమక్కకు మూలన రంగు వెలిసిన ఆకుపచ్చ యంత్రం ఒకటి కనబడింది. పదహారు టన్నులని ఇనుములోనే చెక్కి ఉంది. మీటలు రెండూ సరిగ్గా ఉన్నాయి.

"అదా వదినా, ముసలిది. నత్తనడక."

"రేపు మా ఇంటి మొద్దు తెస్తా. రెంటి మీదా పెట్టి చూద్దాం."

"కొండను తెచ్చినా సరే! నా ఎర్రది ఆగిపోతే ఆ ముసలిది నీకు ఊరికే ఇచ్చేస్తా. సంతంతా సాక్షి!"

ఇంటికెళ్తుంటే భీమక్క మనసు కాస్త ఊగింది. ముప్పై అయిదెక్కడ, పదహారెక్కడ? అయినా తన పొయ్యి తినేది బూరుగు కాదుగా అనుకుంది. కడుపులో పిల్లలు కదిలారు. నడక వేగం పెంచింది.

మర్నాడు కోరలయ్య అనే అడవిపంది బండి మీద మొద్దు దిగింది. పచ్చి చింత, ఒళ్ళంతా ముడులు.

జిత్తయ్య మొహం మాడింది. "ఇది కట్టె కాదు వదినా, బండరాయి!"

"మా ఇంట్లో మండేది ఇదే. కానివ్వు."

ముందు ఎర్ర యంత్రం మీద పెట్టారు. ఉక్కు పలక అంగుళం దిగి ఆగిపోయింది. ఇంజను మూలిగింది. బుస్సుమని గొట్టం పగిలి నూనె జిత్తయ్య మొహాన చిమ్మింది. కంగారుగా తోకతో యంత్రాన్ని తుడిచాడు. ఆరని రంగేమో, 35లోని మూడు తోకకంటుకుని వచ్చేసింది. అసలున్న అయిదొక్కటే మిగిలింది.

"పైన పటారం, లోన లొటారం!" అన్నాడు కోరలయ్య. సంతంతా గొల్లుమంది.

భీమక్క మొద్దును ఆకుపచ్చ యంత్రం మీద పెట్టించి, రెండు చేతులతో రెండు మీటలూ నొక్కింది. పలక మెల్లగా దిగింది. ముడి దగ్గర తడబడింది. ఆమె ఊపిరి బిగబట్టింది గాని చేతులు తియ్యలేదు. ఫటేల్మని మొద్దు రెండుగా విచ్చుకుంది.

"వదినా, నిన్న ఏదో సరదాకన్నాను..." అని గొణిగాడు జిత్తయ్య.

"నేను సరదాకు మొద్దు మోయించుకు రాలేదు, జిత్తయ్యా. కోరలయ్యా, యంత్రం బండికెత్తు. తేనెలో సగం నీకు."

పుష్యమాసంలో భీమక్కకు ఇద్దరు పిల్లలు పుట్టారు. గుహలో పొయ్యి ఒక్కపూట కూడా ఆరలేదు. జిత్తయ్య మాత్రం ఆ రంగంటిన తోకతో ఏ సంతకెళ్ళినా, "ముందు మా మొద్దు చీల్చి చూపించు," అనేవాళ్ళే ఎదురయ్యారు.

అమ్మేవాడు రాసిన అంకె కాదు, కొనేవాడు పెట్టిన పరీక్షే సరుకు విలువ చెబుతుంది.