ఆగిన గంట

వరదొస్తే జనాన్ని హెచ్చరించడానికి తాతలనాడు కోటమీద కట్టిన గంట అది. కొత్త రాజు తన వైభవం చాటడానికి దాన్ని పొద్దస్తమానం కొట్టించాడు. తాను పోయిన రోజున తప్ప ఆపకూడదన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ మోతను పట్టించుకునేవాడే లేకపోయాడు.

శ్రావణంలో ఒకనాడు ఏటిగట్టు తెగింది. గంట కొట్టే ఎల్లమందకు అది పైనుంచి చూడగానే పల్లపువీధిలో ఉన్న కూతురు గుర్తొచ్చింది. కొడుతున్న గంట ఆపేశాడు. రాజు పోయాడనుకుని కూతురితో సహా ఊరంతా కోటమీదికి ఉరికింది. మంచంపట్టిన ముసలివాళ్లు మాత్రం కిందే మునిగిపోయారు.

"నేను బతికుండగానే ఆపుతావుట్రా?" అన్నాడు రాజు, కత్తిమీద చెయ్యివేసి.

"వరదొచ్చిందని కొడితే ఒక్కరూ కదలరు ప్రభూ. మీరు పోయారంటే కదిలారు."

రాజు గొంతు తగ్గింది. "ఏడుస్తూ వచ్చారా?"

"వచ్చేటప్పుడు లేదు ప్రభూ. నీళ్లు చూశాక ఏడుస్తున్నారు."