పక్కచూపుల పేరమ్మ

అనగనగనగా గోదారి పాయ పక్కన ఒక ఊరు. మరీ పెద్దదేం కాదు. ఒక చివర తుమ్మితే రెండో చివర వాళ్ళు 'చిరంజీవ' అనేంత ఊరు. పండూ, ఆ దిండు లాక్కోకు, అది చెల్లిది. ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే కథ అలిగి పక్కింటికి పోతుంది.

ఆ ఊళ్ళో పేరమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, కొడుకు మిగిలాడు. కొడుకు పేరు బుచ్చెన్న. మంచివాడే. మంచివాడంటే మరీ మంచివాడు, ఎవరేం చెప్తే అది నమ్మేసేవాడు. కోడి గుడ్డు పెట్టడం లేదేమిటని అడిగితే, అది పుంజురా నాయనా అని ఎవరో చెప్పారుట. అయినా మరో నాలుగు రోజులు ఆగి చూద్దాం అన్నాట్ట. కోడలు చిలకమ్మ. ఆ పిల్ల పుట్టింటివాళ్ళు గాజులు చేసేవాళ్ళు. నోరు చురుకు, చెయ్యి చురుకు, బుర్ర మరీ చురుకు.

పేరమ్మకి చదువొచ్చు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి చదువెక్కడిదంటారా? వాళ్ళ నాన్న అరుగు మీద ఇసక పోసి ఊళ్ళో మగపిల్లలకి అక్షరాలు దిద్దించేవాడుట. ఈ పిల్ల అరుగు కింద కూచుని కందులు బాగుచేస్తూ, చేస్తూ, ఒక కన్ను కందుల మీదా ఒక కన్ను ఇసక మీదా వేసి మొత్తం నేర్చేసుకుంది. పెళ్ళయి వచ్చాక కూడా అంతే. వండేది, వడ్డించేది, కడిగేది, తుడిచేది, కొంగుకి చెయ్యి తుడుచుకునేది, తాటాకుల కట్ట విప్పేది. మళ్ళీ వండేది, వడ్డించేది, కడిగేది, తుడిచేది, కొంగుకి చెయ్యి తుడుచుకునేది, కట్ట విప్పేది. మిగతా పనులన్నీ ఆ కట్ట విప్పడం కోసమే అన్నట్టు ఉండేది.

ఆవిడ తమ్ముడు పడవ మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఎక్కడ కొత్త కథ కనపడ్డా అక్కకి తెచ్చిపెట్టేవాడు. అలా ఒకసారి మణిమాలిక కథ తెచ్చాడు. అబ్బో, ఎంత లావు కట్టనీ! మణిమాలిక అని ఒక రాజుగారి కూతురు. తండ్రితో మాటా మాటా వచ్చి, ఒంటరిగా పడవెక్కి సముద్రంలోకి పోయిందిట. పోయింది, పోయింది, నడిసముద్రానికి పోయింది. గాలి లేదు. తెరచాప కదల్లేదు. పడవ అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. మణిమాలిక లేచి నిలబడింది. 'అప్పుడు' అని ఉంది ఆకు చివర. పేరమ్మ కొన్నాళ్ళుగా కళ్ళు నులుముకుంటూ, నులుముకుంటూ చదువుతోంది పాపం. 'అప్పుడు' అని పైకే చదివి ఆకు తిప్పింది. తిప్పితే ఏముంది? మబ్బు.

మబ్బంటే ఆకాశంలో మబ్బు కాదర్రా. కంటి నడిమధ్య మబ్బు. చుట్టూ అంతా కనపడుతుంది. కిటికీ కనపడుతుంది, కిటికీ మీద కాకి కనపడుతుంది. ఏది చూద్దామనుకుంటే అదొక్కటే కనపడదు. అక్షరం మీద చూపు పెడితే అక్షరం ఉన్న చోట బూడిదరంగు మచ్చ. కొడుకు మొహం చూస్తే మొహం లేదు, చెవులే ఉన్నాయి.

ఓ దీపమా దీపమా, అక్షరం ఎందుకు చూపించవే అని అడిగింది. నేను చూపిస్తూనే ఉన్నాను, ఆకే మాసింది అందిట దీపం. ఓ ఆకా ఆకా, ఎందుకు మాశావే? నేను మాయలేదు, గీతల్లో మసి చెరిగింది. ఓ మసీ మసీ, ఎందుకు చెరిగావే? నేను చెరగలేదు, నీ చూపు చెదిరింది. ఓ చూపా చూపా, ఎందుకు చెదిరావే? నేను చెదరలేదు తల్లీ, నా ముందు మబ్బు కూచుంది. ఓ మబ్బూ మబ్బూ, ఎందుకు కూచున్నావే? మబ్బు మాత్రం పలకలేదు.

ఊ కొడుతున్నారా? లల్లీ, నీ ఊ సన్నగిల్లుతోందే.

సరే, ఆవిడ పంతులుగారిని పిలిపించి, కాళ్ళకి నీళ్ళిచ్చి, ఆ తర్వాతది కాస్త చదివి పెట్టమంది. ఆయనకి అవతల ఎవరింట్లోనో గారెలు వేగుతున్నాయి. ముక్కుతో గొణుగుతూ నాలుగాకులు ఇటు, పదాకులు అటు తిప్పి, ఇంతోటి కథకి ఇంత పొడుగెందుకమ్మా, చివరికి ఆ పిల్ల ఒడ్డెక్కింది, పెళ్ళి చేసుకుంది, అందరూ సుఖంగా ఉన్నారు అని తేల్చేశాడు.

"మరి పడవలో నీళ్ళేమయ్యాయండీ?" అంది పేరమ్మ.

"ఏమవుతాయమ్మా? ఎండకి ఎండిపోయుంటాయి."

ఆయన అటు వెళ్ళాడో లేదో ఈవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బుచ్చెన్నకి అర్థం కాలేదు. ఎందుకే అమ్మా ఏడుస్తావు, ఆ పిల్లకి పెళ్ళయిపోయిందిగా అన్నాడు. ఏం చెప్తుంది? ఒకళ్ళు నమిలి పెట్టిన తాంబూలంతో మన నోరు పండుతుందా? ఆవిడకి కావలసింది చివర ఏమైందన్నది కాదు. తనంతట తాను ఆ పడవలో కూచోవాలి. ఆగాలనుకున్న చోట ఆగాలి. బాగున్న మాట దగ్గరికి మళ్ళీ వెనక్కి పోవాలి. అదీ ఆవిడ కోరిక. బంగారం కాదు, పట్టుచీర కాదు.

అప్పట్నించీ మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆకుల మీద వేలితో తడుముతూ కూచునేది. తాటాకు మీద గంటంతో గీసి రాస్తారు కదా, ఆ గీతలు వేలికి తగిలేవి. గీతలు తగిలేవి గానీ మాటలు తగిలేవి కాదు. తలుపవతల మనవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది ఆవిడకి, తలుపు మాత్రం తెరుచుకోదు.

ఇలా ఉండగా, ఆవిడ కళ్ళు వాటంతట అవే ఒక దారి వెతుక్కున్నాయి. ఎదురుగా మబ్బుంది కదా, పక్కన లేదు కదా. అందుకని కొడుకుతో మాట్లాడాలంటే గోడకేసి చూసేది. పొరుగమ్మ వస్తే ఆవిడ భుజం పక్కన గుంజకేసి చూసేది. అలా చూస్తేనే మొహం కాస్త తెలిసేది. కానీ లోకానికి ఏం తెలుసు? పేరమ్మకి పొగరెక్కింది, మనిషిని మనిషిలా చూడదు అన్నారు ఒకరు. పొగరు కాదమ్మా, ఆ ఓరచూపులు మంచివి కావు అన్నారు ఇంకొకరు. పిల్లతల్లులు ఆవిడ వస్తుంటే పసిబిడ్డల మీద కొంగు కప్పేవారు. ఆవిడ అదీ చూసేది. పక్కనుంచి అన్నీ కనపడతాయిగా.

బుచ్చెన్న ఇదంతా విన్నాడు, హడలిపోయాడు, పరిగెత్తి భూతవైద్యుణ్ణి పట్టుకొచ్చాడు. ఆయన మెడ నిండా పూసలు, మొహం నిండా కుంకం, చేతి నిండా వేపమండలు. పేరమ్మని ముగ్గులో కూచోబెట్టి, మండలతో ఛెళ్ళున ఒకటిచ్చి, "ఎవర్నువ్వు? చెప్పు! ఏం కావాలి నీకు?" అని గద్దించాడు.

ఆవిడ ఆయన చెవి పక్కనున్న స్తంభాన్ని చూస్తూ, "నాకేం కావాలిరా నాయనా, ఆ తాటాకులు కావాలి, ఇంకేం వద్దు" అంది.

"హారి! తాటాకులడిగిందంటే ఇది తాడిచెట్టు దయ్యమే! ఆ ఆకుల్లో పడి ఇంట్లోకొచ్చింది!" అని ఎగిరి గంతేశాడు. ఆదివారంనాడు ఆ కట్ట తీసుకెళ్ళి పాయలో వదిలేస్తే దయ్యం దాని వెంటే పోతుందని చెప్పి, పుంజునొకదాన్ని చంకలో పెట్టుకుని పోయాడు. ఆ గుడ్డు పెట్టని పుంజే, ఇంకెక్కడిది!

పేరమ్మ ఎంత మొత్తుకుందో! ఒరే, అది నా ప్రాణంరా, నన్నే పాయలో వదిలెయ్యరా అంది. అంటే బుచ్చెన్న మరీ బెదిరి, చూశావా, దయ్యం ఎలా మాట్లాడుతోందో అని పెళ్ళాం వెనకాల దాక్కున్నాడు.

చిలకమ్మకి మాత్రం అనుమానం. దయ్యం పట్టిన మనిషి బియ్యంలో రాళ్ళు ఏరుతుందా? అత్త చేట ఒళ్ళో పెట్టుకుని దూలంకేసి చూస్తూ ఒక్క రాయి మిగల్చకుండా ఏరుతోందే! మర్నాడు పొద్దున్నే ఏం చేసిందనుకున్నారు? తిన్నగా అత్త ఎదురుగా పోయి నిలబడి, బుగ్గలు పూరించి, నాలిక బయటపెట్టి, కోతి మొహం పెట్టింది. అత్త పలకలేదు. చిలకమ్మ మెల్లిగా పక్కకి జరిగింది. ఇంకాస్త జరిగింది. ఇంకాస్త...

"ఏమిటే ఆ కోతి చేష్టలు! కడుపులో నొప్పా?" అంది అత్త.

చిలకమ్మ పకపకా నవ్వి అత్త కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. అత్తా, నీకు దయ్యమూ లేదు, పొగరూ లేదు, నడిమధ్య చూపు లేదంతే, అంది. ఎన్నాళ్ళకో ఒకళ్ళా మాట అన్నారు. పేరమ్మ కోడలి తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

కానీ ఆదివారం వచ్చేస్తోందే! దయ్యాన్ని సాగనంపడం కోడలి చేతి మీదుగా జరగాలి, మగాళ్ళు చూడకూడదు అని చిలకమ్మ మొగుడికి చెప్పింది. సరే అన్నాడు, వాడు దేనికి కాదన్నాడు గనక! ఇంటికప్పులోంచి లాగిన ఎండుటాకులు ఎర్రగుడ్డలో చుట్టి పాయలో వదిలింది. అసలు కట్ట గాదెలో ధాన్యం కింద దాచింది. అత్తకి చెవిలో చెప్పింది. చెప్పి పుట్టింటికి బయల్దేరింది.

పుట్టింట్లో గాజులకి అద్దం కరిగిస్తారు కదా, కరిగించేటప్పుడు నేల మీద ఒక్కో బొట్టు పడి గట్టిపడేది. కింద చదును, పైన పొట్ట. చిన్నప్పుడు దాన్ని చీమ మీద పెడితే చీమ మేకంత కనపడేది. మీరు భూతద్దం అంటారే, అలాంటిదే అనుకోండి. నాన్నా, అలాంటి బొట్టు అరచేయంత కావాలి, మరక ఉండకూడదు, అద్దంలా అరగదీసి ఇవ్వు అంది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల గాజులడుగుతుంది గానీ గాజుముద్ద అడిగినదాన్ని నిన్నే చూశానే అని ఆయన మేలమాడాడు, చేసిచ్చాడు.

పరుగు పరుగున తెచ్చింది. మొగుడు లేని వేళ గాదెలోంచి కట్ట తీసి ఆకు మీద పెట్టింది. పేరమ్మ ఆత్రంగా వంగింది. వంగి... మళ్ళీ వెనక్కి వాలిపోయింది. అక్షరం వంకాయంత అయిందిట, మబ్బు గుమ్మడికాయంత అయిందిట. వద్దే చిలకా, నా రాత ఇంతే, తీసెయ్యి అంది.

చిలకమ్మ తీస్తుందా? దీపపు మసి నూనెలో రంగరించి ఆకు మీద పులిమి, గుడ్డతో తుడిచింది. గీతల్లో మసి నిలిచి అక్షరాలు కాటుకలా తేలాయి. అయినా వరసలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయే అంది అత్త. అలాగా అని, ఇంకో ఆకుని నల్లగా మసి చేసి, నడిమధ్య సన్నగా చీల్చి పైన పరిచింది. ఇప్పుడు ఒక్క వరసే కనపడుతుంది, మిగతావి నల్లాకు కింద పడుకున్నాయి. కూచోడం కిటికీ దగ్గర, ఎండ ఎడమ పక్కనుంచి ఆకు మీద పడేలాగ. అన్నీ అయ్యాక చివరికి ఏం చెప్పిందంటే,

"అత్తా, అక్షరాన్ని చూడకు. కిటికీ ఊచని చూడు."

"చదవమంటూ చూడొద్దంటావేమే, పిచ్చిదానా?"

"నా మొహం ఎలా చూస్తున్నావు? గోడని చూసేగా! ఇదీ అంతే."

పేరమ్మ ఊచని చూసింది. చూపు కిందకి జారిపోతోంది, ఆశ కొద్దీ అక్షరం మీదకే పోతోంది. పోతే మబ్బు. మళ్ళీ ఊచ. మళ్ళీ జారింది. మళ్ళీ ఊచ. ఎంత కష్టమో ఆలోచించండి, ప్రాణమంతా దేని మీద ఉందో దాని మీద కన్ను వెయ్యకూడదు! ఎన్ని పూటలు అలా కూచుందో, మెడ పట్టేసింది, కళ్ళెంట నీళ్ళు కారాయి. ఒక పూట, ఊచని చూస్తూ చూస్తూ ఉండగా, చూపు అంచున ఏదో నల్లగా, గుండ్రంగా, మెల్లిగా ఈదుకుంటూ పైకొచ్చింది.

"నీ..." అంది పేరమ్మ. గాజు జరిపింది. "నీ... ళ్ళు. నీళ్ళు! చిలకా, నీళ్ళే!"

ఏడవకు అత్తా, ఏడిస్తే మళ్ళీ మసకేస్తుంది అని కసురుతూ చిలకమ్మే ఏడ్చేసింది.

అప్పుడే బుచ్చెన్న గుమ్మంలోకొచ్చాడు. అమ్మ ఒళ్ళో కట్ట! ఓరి నాయనోయ్, పాయలో వదిలిన దయ్యం ఈదుకుంటూ వచ్చేసిందిరోయ్ అని కేకలు. చిలకమ్మ వాడి చెయ్యి పట్టుకు లాక్కొచ్చి గాజులోంచి చీమని చూపించింది. మేకంత చీమ, మీసాలు తిప్పుతూ! ఇదిగో, దయ్యాన్ని ఈ గాజులో కట్టేశాను, అత్త రోజూ దీంట్లోంచి కథ చదివితే అది వింటూ పడుంటుంది, చదవడం మానేస్తే మాత్రం లేచొచ్చి నిన్నే పట్టుకుంటుంది అని చెప్పింది. ఇంకేముంది! మర్నాటి నుంచి వాడే తెల్లారగానే కిటికీ తలుపులు తీసి, పీట వేసి, "అమ్మా, ఇంకా మొదలెట్టలేదేమే? ఎండెక్కిపోతోంది!" అని వెంటపడేవాడు.

మబ్బు పోయిందా అంటే పోలేదు నాన్నా. మబ్బు మబ్బు చోటే ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవాలి, ఒక ఆకుకి ఒక పూట. అయినా చదివేది.

సంగతి తెలిసి వీధిలో ఆడవాళ్ళంతా అరుగు మీద చేరారు, కొంగులు కప్పినవాళ్ళూ వచ్చారు. పేరమ్మత్తా, కాస్త పైకి చదువు, పడవేమైందో మేమూ వింటాం అన్నారు. పేరమ్మ వింటేగా! కిటికీ ఊచకేసి చూస్తోంది. గాజు జరుగుతోంది, పెదాలు కదులుతున్నాయి.

చిలకమ్మ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అత్తా! గాజు తెచ్చానా, మసి పులిమానా, కట్ట దాచానా? నాక్కూడా చెప్పవా?" అంది.

"ఉండవే, మంచి పట్టులో ఉన్నాను. అవతల పులుసు మాడుతోంది, పో" అంది పేరమ్మ.

అరుగంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. చిలకమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది గానీ, నవ్వుకుంటూనే పోయింది. అలా అందరూ సుఖంగా ఉన్నారు, దయ్యంతో సహా.

అందుకని, మనతో మాట్లాడుతూ ఎవరైనా గోడకేసి చూస్తే పొగరనుకోకండర్రా. మనల్ని చూడ్డానికే అలా చూస్తున్నారేమో.

ఏమిటి పండూ? పడవలో నీళ్ళేమయ్యాయా? పేరమ్మ ఇంకా చదువుతోంది కన్నా, మధ్యలో కదిలించకూడదు. కాళ్ళు ముడుచుకో. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.