సముద్రం అవతలి తూము

మా అమ్మమ్మ చిన్నతనంలో, ఆకాశానికి గీరుకునేంత కొలువుకూటం కట్టాలని ఊరి పాలకుడు వీరభూపతికి ముచ్చటేసింది. డబ్బు కోసం ఊరి కాలువను, తూముతో సహా, సముద్రం అవతలి షావుకారుకు నూరేళ్ళ కౌలుకిచ్చి, తిరిగి తనే అద్దెకు తీసుకున్నాడు. "షావుకారు అనుమతి లేనిదే రాయి కూడా కదపరాదు" అని చాటింపు వేయించాడు.

కూటం లేచింది. ఆ ఏడే ఏనుగు తొండాలంత ధారలతో వాన కురిసి, కాలువ పొంగి కూటంలోకి వచ్చింది.

"ఒరే ఓబులూ, తూమెత్తరా!" అని అరిచాడు పాలకుడు.

ఊరికి నీళ్ళు వదిలే నీరుగంటి ఓబులు చేతులు కట్టుకున్నాడు. "పరాయి సొత్తు ముట్టుకోవచ్చా దొరా? అనుమతి కోసం ఓడలో కబురంపాను. ఆర్నెల్లలో వచ్చేస్తుంది."

నీళ్ళు పాలకుడి మీసాలకు తగిలాయి. "కూటం అమ్మి డబ్బు తిరిగిచ్చేస్తాను! కౌలు రద్దు!"

ఓబులు తూమెత్తాడు. కూటంలోని నీళ్ళు దిగిపోయాయి.

ఊరి నీళ్ళు ఎవరివో ఆయనకు మీసాలు తడిశాక గానీ తెలియలేదు. తడవకముందే తెలుసుకున్న పాలకుణ్ణి నా వెయ్యేళ్ళ బతుకులో నేనూ చూడలేదు.