పోటు మీద జంబయ్య ఉపన్యాసం

"సింగారీ! ఓ సింగారీ! ఆపవే పడవ! తలెత్తి చూడు!"

లకుముకి పిట్ట పోలమ్మ కేకకి మడ చెట్ల మీది పిట్టలన్నీ ఉలిక్కిపడ్డాయి. సముద్రం చూసి, పోటు నీటి మీద తేలుతూ పాయలోకి తిరిగొస్తున్న నీటికుక్క సింగారి గభాలున గెడ గుచ్చి పడవ ఆపింది. ఇంకో జానెడు ముందుకొచ్చి ఉంటే తెరచాప కొయ్య ఫెళ్ళున విరిగేదే. మొన్నటిదాకా ఆకాశం తప్ప ఏమీ లేని చోట, పాయకి అడ్డంగా కొత్త వెదురు వంతెన!

"ఎవరే ఇది కట్టింది?"

"ఇంకెవరు, నక్క జంబయ్య. నువ్వు అక్కడ అలలతో ఆడుకుంటుంటే ఇక్కడి వార్త ఇదీ. నీకు చెప్పాలని వెతికి వెతికి రెక్కలు పడిపోయాయి నాకు."

సింగారి తెరచాపది ముద్దబంతి రంగు. చేపలు పట్టడానికీ కాదు, మూటలు మొయ్యడానికీ కాదు, ఉత్తినే, నది వెళ్ళి సముద్రంలో కలిసే మొగ చూసి రావడానికే ఆ పడవ. సాయంత్రం పూట ఆ తెరచాప ఆకుపచ్చ చెట్ల నడుమ మెల్లగా కదులుతుంటే, నన్నడిగితే, సూర్యుడే కిందికి దిగి షికారుకొచ్చాడనిపిస్తుంది. దాని వెనకే పాయలోని చిన్నాచితకా తెరచాపలన్నీ బయల్దేరేవి. ఈ వంతెన ఉంటే ఇక ఏ తెరచాపా సముద్రం మొహం చూడదు.

సింగారి పడవని అవతలే కట్టేసి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. పాయ పెద్ద, కొంగ ధవళయ్య, ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాడు.

"పెద్దయ్యా, పాయకి అడ్డంగా ఎవరేం కట్టినా, కింద నుంచి తెరచాప పడవ పోతుందో లేదో చూశాకే ఒప్పుకోవాలని మన కట్టుబాటు. చూశారా మరి?"

"చూడకేం! మన తాతారావు పడవ కొయ్యా నీ కొయ్యా ఒకటే ఎత్తు. సుబ్బరంగా దూరింది."

తాబేలు తాతారావు మెడ సగం లోపలికి లాక్కున్నాడు. "దూరిందమ్మా. ఆ పొద్దున జంబయ్యగారు రొయ్యల విందు పెట్టారు. తింటూ తింటూనే చూశాం."

"అప్పుడు పోటా, పాటా?"

"పాటే," అంటూ తాతారావు మిగతా మెడ కూడా లోపలికి లాక్కున్నాడు. పాటు వేళ నీళ్ళు లాగేస్తే పడవ కిందికి దిగుతుంది, పోటు వేళ నీళ్ళు పొంగితే పైకి లేస్తుంది. ఆ సంగతి అక్కడ పీతపిల్లకి కూడా తెలుసు. కానీ నోటి నిండా రొయ్యలుంటే తెలిసినవి కూడా గుర్తుకు రావు.

"ఏంటమ్మాయ్ గొడవ?" అంటూ జంబయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. "పదిమందికీ పనికొచ్చే వంతెన. అవతలి తిప్ప మీదికి కాలు తడవకుండా వెళ్ళొచ్చు. నీ షికారు కోసం ఊరి మేలు ఆపుకోవాలా? అసలు షికారు కూడా ఒక పనేనా?"

"పని కాదు మావా. అందుకే ఇంకా గట్టిగా అడుగుతున్నా. పనికెళ్ళే దారి మూయాలంటే ఎవడైనా జంకుతాడు. సంతోషానికెళ్ళే దారైతే, ఎవరడుగుతార్లే అని మూసేస్తాడు. నేను అడుగుతా!"

"అంతగా వెళ్ళాలనుంటే ఆ కొయ్య పొట్టిగా నరుక్కో."

"నీ తోక నరుక్కోమంటే నరుక్కుంటావా?"

పీతలన్నీ కిసుక్కున నవ్వాయి. జంబయ్య తోకని కాళ్ళ మధ్యకి లాక్కున్నాడు.

"కొంగలు గూళ్ళు కట్టుకునే తిప్ప మీద నీకేం పనో?" అంది సింగారి.

"గాలి పీల్చుకుందామని."

"ఇక్కడ గాలి లేదా?"

ధవళయ్య రెండో కాలు కూడా కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే అమ్మాయ్. కట్టినవాడే తన నోటితో తప్పు ఒప్పుకుంటే తప్ప, వంతెన విప్పడం కుదరదు."

"అయితే నోటితోనే చెప్పిస్తా," అని గొణుక్కుంటూ సింగారి నీళ్ళలోకి దూకింది.

మర్నాడు జంబయ్య గుహ ముందు ప్రత్యక్షమైంది. "మావా, నేనే ఓడిపోయా. ఇంత గొప్ప వంతెన కట్టి, ప్రారంభోత్సవం చెయ్యకపోతే బాగోదు. తాతారావు పడవలో మిమ్మల్ని కూర్చోబెట్టి, వంతెన కింద కట్టేసి, మెళ్ళో దండేసి, మీ చేత నాలుగు మాటలు చెప్పిస్తాం."

నక్క కళ్ళు మెరిశాయి. అంతలోనే సగం మూసుకున్నాయి. "పాటు వేళే పెట్టాలి సుమా."

"మీరు చెప్పిన వేళే, మీ ఇష్టం."

నీళ్ళు అడుగంటిన వేళ తాతారావు పడవ వంతెన కిందికి చక్కగా దూరింది. అటూ ఇటూ తాళ్ళతో రాటలకి కట్టేశారు. జంబయ్య మెళ్ళో తామర దండ. లేచి నిలబడి మొదలుపెట్టాడు.

"సోదర సోదరీమణులారా! చూశారుగా, ఎంత సుబ్బరంగా దూరిందో!"

"ఆహా!" అంది పోలమ్మ. "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి జంబయ్యగారూ!"

చెప్పాడు.

"మీ తాతగారి గురించి!"

తాతగారి గురించీ చెప్పాడు, తాతగారి అత్తవారి గురించీ చెప్పాడు. చప్పట్లు పడే కొద్దీ గొంతు పెరిగింది. చప్పుడు లేకుండా నీళ్ళూ పెరిగాయి. ఎక్కడో సముద్రం ఊపిరి పీల్చి, ఆ ఊపిరి పాయలోకి వదిలినట్టు పడవ మెల్లగా పైకి లేచింది. టక్కుమని కొయ్య కొన రెండు వెదుళ్ళ మధ్య ఇరుక్కుంది. పడవ లేవడం ఆగింది. నీళ్ళు లేవడం ఆగలేదు.

"అమ్మాయ్, కాళ్ళు తడుస్తున్నాయేంటి?"

"పోటు మావా. రోజూ వచ్చేదే."

"పడవ లాగు!"

"మీ వంతెన పట్టుకుంది. వదలట్లేదు."

ఈత రాని జంబయ్య కొయ్య ఎక్కబోయాడు. గోళ్ళు జారి దబ్బున పడ్డాడు. "కట్లు కొరకమనండి ఆ పీతల్ని!"

"పెద్దయ్య ఒప్పుకున్న వంతెన. కొరకడానికి మేమెవరం?" అన్నాయి పీతలు, డెక్కలు ముడుచుకుని.

"ఎత్తు కాస్త తగ్గింది! పొరపాటు జరిగింది!"

"పొరపాటంటే రేపు మళ్ళీ ఇక్కడే కడతావు," అంది సింగారి. పడవ చుట్టూ ఈదుతూ, నక్క మునగకుండా మెడ కింద భుజం ఆనించింది. "నిన్ను మాత్రం మునగనివ్వను. కానీ నువ్వు నిజం చెప్పేదాకా ఒక్క కట్టు కూడా తెగదు."

ధవళయ్య మెడ సాచి నక్క మొహంలోకి చూశాడు. "చెప్పు జంబయ్యా. ఎందుకు కట్టావు?"

ఈ కథలో చివరి మాట జంబయ్యది, కాబట్టి నీతి నేను ఇప్పుడే చెప్పేస్తాను: ఉత్తి సంతోషం కోసం తిరిగే దారైనా సరే, మూసేవాణ్ణి ఎందుకు మూశావని నిలదీయాల్సిందే.

నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. జంబయ్య ముక్కు పైకెత్తి, పాయంతా వినపడేలా అరిచాడు.

"తెలిసే చేశాను! కావాలనే పాటు వేళ చూసి పడవ దూర్పించాను! మీ తెరచాపలు తిరుగుతుంటే ఎవరో ఒకరి కళ్ళు ఆ తిప్ప మీద పడతాయి. ఎవరూ అటు రాకపోతే... ధవళయ్యా, నీ గూట్లో గుడ్లు తినేద్దామనే కట్టాను!"